పన్నెండు బళ్ళ చోటు

శనివారం గ్రే లూన్ స్టేట్ పార్కుకి ఇరవై మంది వచ్చారని కాగితం చెప్పింది. చలి కాచుకునే పొయ్యి గదిలో మాత్రం మూడు తోపుడుబళ్ళ కట్టెలు ఖర్చయిపోయాయి.

సోమవారం పొద్దున ఇర్మా లాంపినెన్ ఆ ఖాళీ అయిన కట్టెల చప్పరం ముందు నిలబడి, కాగితం తెచ్చిన మేనేజరు కాలిన్ ప్రెస్కట్ వైపు చూసింది.

"ఇరవై మందికి ఇంత కట్టె ఎలా పట్టింది?"

"బాగా చలేసిందేమో."

"చలేస్తే పొయ్యి దగ్గర కూర్చుంటారు. పొయ్యిలో కూర్చోరు కదా."

కాలిన్ నవ్వాడు కానీ కాగితం మడవలేదు. అతనికి ముప్పై ఒకటి. దక్షిణాన చెట్టూ చేమా లేని మైదానం నుంచి బదిలీ మీద మా ఊరు హాల్వర్‌కి వచ్చి పద్నాలుగు నెలలయింది. గేటు పక్కన గుంజకి బిగించిన ఒక కరెంటు కన్ను లోపలికొచ్చే ప్రతి కారునీ లెక్కపెడుతుంది. కారుకి రెండున్నర మంది చొప్పున గుణించి పై ఆఫీసుకి పంపడం అతని పని. శనివారం ఎనిమిది కార్లు, ఇరవై మంది. మనిషిని సగానికి కోసి లెక్కపెట్టే ఈ పద్ధతి ఇర్మాకి మొదటినుంచీ నచ్చలేదు.

"నేను మంచులో స్కీల గాడులు చూశాను, కాలిన్. తక్కువలో తక్కువ డెబ్బై మంది. డెంటిస్టు లైల్ వచ్చాడు. అతని కుడి చేతి స్కీ కర్ర మంచులో లోతుగా దిగుతుంది, భుజం పట్టేసింది కదా. ఫ్లోరింగ్ పని చేసే దంపతులొచ్చారు, దారి పొడుగునా పోట్లాడుకున్నారు."

"పోట్లాట కూడా మంచులో కనిపిస్తుందా?"

"ఆవిడ మూడుసార్లు ఆగింది. ఆయన మూడుసార్లూ ఆగలేదు."

ఆ నైపుణ్యం ఇర్మాకి ఎవరూ నేర్పలేదు. ఆమె పార్కు సరిహద్దుకి అరమైలు దూరంలో, కలప నరికేవాడి ఇంట్లో పుట్టింది. బడి వంటింట్లో పదకొండేళ్ళు పనిచేసి, ముప్పై అయిదో ఏట పార్కులో వేసవి పనికి చేరింది. మరుగుదొడ్లు కడగడం, గుడారాల దగ్గర బూడిద ఎత్తడం, ఎలుగుబంట్లు తెరవకుండా చెత్తడబ్బాలకి గొళ్ళేలు చూడటం ఆమె పని. ఆ డిసెంబరులో స్కీ దారులు చదును చేసే మనిషికి నడుం పట్టేసింది. ఇంకో మనిషి దొరికేదాకా నేను నడుపుతానని ఇర్మా మంచు మీద నడిచే బండి, స్నోమొబైల్ తాళం అడిగింది. ఇంకో మనిషిని ఎవరూ వెతకలేదు. అది జరిగి ఇరవై ఆరేళ్ళు.

వసంతంలో నీళ్ళెక్కిన దారులకి పలకలు వేస్తుంది. వేసవిలో పడవలు, శరదృతువులో తుపానుకి పడిన చెట్లు. కానీ తన పని ఏమిటని ఎవరైనా అడిగితే శీతాకాలమే చెబుతుంది. స్నోమొబైల్ వెనక ఇనప చట్రం కట్టుకుని పది మైళ్ళు తిరిగితే మంచులో రెండు సమాంతరమైన గాడులు పడతాయి. స్కీలు ఆ గాడుల్లో రైలు పట్టాల మీద పోయినట్టు పోతాయి. వెచ్చబడితే గాడి కూలుతుంది. మరీ చలైతే మంచు పంచదారలా రాలిపోయి గాడే పడదు. ఆ మధ్యలో ఉండే రెండు మూడు గంటలు ఎప్పుడొస్తాయో ఆమె గాలి పీల్చి చెబుతుంది. ఆ విషయంలో తప్పు చెప్పడం నేను ఒక్కసారే చూశాను.

కాలిన్ కాగితం మడవకపోవడానికి కారణం ఉంది. దాని వెనక ఇంకో కాగితం ఉంది.

"ఇది శుక్రవారం వచ్చింది. శని ఆదివారాలు మీకు పాడు చెయ్యడం ఇష్టం లేక దాచాను."

మూడేళ్ళుగా శీతాకాలపు లెక్క తక్కువగా ఉంది అని ఉత్తరంలో ఉంది. నవంబరు నుంచి ఫిబ్రవరి చివరిదాకా రెండు వేల మంది రాకపోతే, వచ్చే ఏడాది నుంచి మంచు పడే నెలల్లో గేటుకి తాళం. దారులు చదును చేయడం ఉండదు. ఏడాది పొడుగునా ఉండే ఉద్యోగం ఒకటి ఆర్నెల్ల ఉద్యోగంగా మారుతుంది. ఆ ఒకటి ఎవరిదో ఉత్తరం రాయలేదు. రాయాల్సిన అవసరమూ లేదు, పార్కులో అలాంటి ఉద్యోగాలు రెండే ఉన్నాయి, రెండోది కాలిన్‌ది. జనవరి రెండో వారానికి లెక్క ఆరువందల నలభై.

ఇర్మా రెండుసార్లు చదివింది. "గేటుకి తాళం వేస్తారు సరే. దారికెలా వేస్తారు?"

"ఎవరూ రావట్లేదని వాళ్ళ నమ్మకం."

"వస్తున్నారు. నీ కన్నుకి కనపడకుండా వస్తున్నారు. ఎక్కణ్ణించో కనుక్కుంటాను."

మధ్యాహ్నం ఆమె స్కీలు తొడుక్కుని దారి వెంట వెనక్కి వెళ్ళింది. బురద చిత్తడి వైపు, పార్కు హద్దు చూపే దేవదారు గుంజ దగ్గర, తను తీయని జాడ ఒకటి తన దారిలో కలుస్తోంది. ఆ జాడ ఆమె ఏళ్ళుగా చూస్తున్నదే. సరస్సు గడ్డకట్టాక చేపలు పట్టడానికి వెళ్ళేవాళ్ళు వేసుకున్నారని అనుకునేది. హద్దు దాటితే తన పని కాదు కాబట్టి అటు ఎప్పుడూ వెళ్ళలేదు. ఇప్పుడు వెళ్ళింది.

మైలు దూరం. మనుషులు కాళ్ళతో తొక్కి, పారలతో చదును చేసి, ఏటేటా నిలబెట్టుకున్న దారి అది. మధ్యలో వాగు మీద రెండు పలకలు, పట్టుకోవడానికి పాత హాకీ కర్రలతో చేసిన కమ్మీ. దారి చివర మార్లిస్ గండర్సన్ ఎరల కొట్టు. కొట్టు ముందు సోమవారం మధ్యాహ్నం కూడా ఆరు కార్లున్నాయి, చేపలు పట్టేవాళ్ళు ఒక్కరూ లేరు.

మార్లిస్ ఇర్మాతో కలిసి చదువుకుంది. తొట్టిలో చిన్న చేపల్ని వలతో తోడుతూ తల ఎత్తలేదు.

"ఈ కార్లెవరివి, మార్లిస్?"

"చక్రాలున్నవాళ్ళవి."

"స్కీకొచ్చినవాళ్ళు ఇక్కడెందుకు పెడుతున్నారు? గేటు దగ్గర నేను రోజూ పొద్దున్నే మంచు తోసి చోటు చేస్తున్నాను కదా."

"నా కొట్టు ముందు చోటుంది, పెడుతున్నారు. నేనేమైనా గొలుసు కట్టి లాక్కొచ్చానా?"

"ఎప్పటినుంచి?"

"చాన్నాళ్ళే అయింది." మార్లిస్ వల దులిపింది. "కాఫీ తాగుతావా?"

మా ఊళ్ళో మాట మార్చడానికి కాఫీ అడుగుతారు. ఇర్మా తాగలేదు.

ఆ ఆరు కార్లలో ఒకటి డెంటిస్టు లైల్ బ్యోర్గిది. అతని ఇల్లు పార్కు గేటుకి అరమైలు. అతను కారెక్కి గేటు ముందు నుంచే పోయి, నాలుగు మైళ్ళు చుట్టు తిరిగి ఎరల కొట్టు దగ్గర ఆపి, అక్కణ్ణించి మైలు దూరం నడిచి పార్కులోకి వస్తున్నాడు. గేటు రుసుము తప్పించుకోవడానికి కాదు. ఏడాది ప్రవేశానికి కట్టిన చీటీ అతని కారు అద్దానికి అంటించే ఉంది, అందరి అద్దాలకీ ఉంది. మర్నాడు పళ్ళు శుభ్రం చేయించుకునే రోజు కావడం ఇర్మా అదృష్టం.

"లైల్, గేటు నీ ముంగిట్లో ఉంటే చుట్టూ ఎందుకు తిరుగుతున్నావు?"

"మార్లిస్ దగ్గర కాఫీ బాగుంటుంది."

"మార్లిస్ కాఫీ ఎరలకి పోసినా చేపలు ముట్టుకోవు. నిజం చెప్పు."

"నోరు తెరువు," అన్నాడు లైల్, అద్దం చేతిలోకి తీసుకుని. ఆ తర్వాత ఇరవై నిమిషాలు ఆమెకి ప్రశ్న అడిగే అవకాశం లేదు.

వారంలో ఆమె తొమ్మిది మందిని అడిగింది. ఒకరు వ్యాయామం అన్నారు, ఒకరు అలవాటు అన్నారు, ఒకావిడ చిత్తడిలో గుడ్లగూబ కనిపిస్తుందని అంది. ఎవరూ అబద్ధం చెబుతున్నట్టు లేదు, నిజం చెబుతున్నట్టూ లేదు. మా ఊళ్ళో పళ్ళెంలో చివరి ముక్క ఎవరూ తీసుకోరు. సగం కోసుకుంటారు, మిగిలిన సగాన్ని ఇంకొకరు సగం కోస్తారు, చివరికి గోరంత ముక్క పళ్ళెంలో ఎండిపోతుంది కానీ ఎవరి నోట్లోకీ పోదు. ఎందుకని అడిగితే ఆకలి లేదంటారు. ఇర్మాకి ఈ జవాబులన్నీ ఆ ఆకలి లేకపోవడంలా వినిపించాయి.

ఆదివారం పొద్దున ఇంట్లో, గుడ్లు వేయించుతూ, ఆమె పైకే అంది. "డెబ్బై మంది ఒక్కటై నా గేటుని వెలేశారు. ఎందుకో ఒక్కరూ చెప్పరు."

భర్త డ్వేన్ లాంపినెన్ లారీ నడిపి రిటైరయ్యాడు. తుంటి అరిగిపోయి మూడేళ్ళుగా స్కీలు ముట్టలేదు. పత్రిక మీదనుంచి కళ్ళు ఎత్తకుండా అన్నాడు. "నువ్వు వద్దన్నావుగా."

"నేనేం వద్దన్నాను?"

"గేటు దగ్గర బళ్ళు పెట్టొద్దని."

గుడ్లు మాడాయి. ఇర్మా పొయ్యి ఆపి కుర్చీ లాక్కుంది.

"ఎప్పుడన్నాను?"

"పదహారేళ్ళయింది. జనవరిలో. సిటీ నుంచి ఎవరో ముగ్గురు పిల్లలతో వచ్చి చోటు లేక వెనక్కెళ్ళిపోయారు. గేటు దగ్గర పట్టేదే పన్నెండు బళ్ళు కదా, పక్కనంతా బండలాయె. చర్చి కింది గదిలో అందరం కాఫీలు తాగుతుంటే నువ్వన్నావు. నాలుగు గంటలు బండి నడుపుకుంటూ వచ్చారు పాపం, చూస్తే పన్నెండు చోట్లలోనూ మన బళ్ళే అని."

ఇర్మా చాలాసేపు ఆలోచించింది. ముగ్గురు పిల్లలు గుర్తొచ్చారు. చిన్నదాని ఎర్ర టోపీ గుర్తొచ్చింది. తను అన్న మాట గుర్తు రాలేదు.

"పెట్టొద్దని అనలేదుగా. పాపం అన్నాను, అంతే."

"నువ్వలా అన్నాక ఇంకెవరు పెడతారు? నేనే పెట్టలేదు."

"నువ్వా? నువ్వు కూడా మార్లిస్ దగ్గర పెట్టావా?"

"తుంటి పోయేదాకా."

"పదహారేళ్ళు. ఒకే మంచం మీద పడుకుంటూ, ఒక్కసారి చెప్పలేదు."

"నువ్వు అడగలేదు కదా," అన్నాడు డ్వేన్. తర్వాత, తన వంతు మంచితనంగా, మాడిన గుడ్డు తన పళ్ళెంలోకి తీసుకున్నాడు.

శనివారం ఎనిమిదింటికి ఆమె ఎరల కొట్టుకి వెళ్ళింది. పాతికమంది బల్లల మీద కూర్చుని బూట్లు బిగించుకుంటున్నారు. ఆమె ఎప్పుడూ తనకోసం ఎవరినీ సాయం అడగని మనిషి. మా ఊళ్ళో నలుగురి ముందు నిలబడి అడగడం అంటే ఇంట్లో ఎవరికో ప్రాణం మీదికొచ్చిందని అర్థం.

"నేనొకటి అడగాలి," అంది ఇర్మా.

బూట్ల తాళ్ళు ఆగిపోయాయి. మార్లిస్ రేడియో తగ్గించి, "డ్వేన్ బాగానే ఉన్నాడా?" అంది.

"డ్వేన్‌కేం, రాయిలా ఉన్నాడు. పదహారేళ్ళ కిందట నేను గేటు దగ్గర బళ్ళ గురించి ఏదో అన్నానట. నాకు గుర్తు లేదు. మీ అందరికీ గుర్తుందంటే అనే ఉంటాను. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను." ఆమె ఉత్తరం సంగతి చెప్పింది. తాళం సంగతి చెప్పింది. తన ఉద్యోగం సంగతి చెప్పేటప్పుడు మాత్రం తొట్టిలో చేపల వైపు చూస్తూ చెప్పింది. "కాబట్టి గేటు వైపు నుంచి రండి. ఇది పాపం అనడం కాదు. అడుగుతున్నాను."

లైల్ చేతిలో ఉన్న రెండో బూటు కింద పెట్టాడు.

"ఇవాళ్టి నుంచేనా, వచ్చేవారం నుంచా?" అన్నాడు లైల్.

"ఇప్పుడే."

"ఒక బూటు తొడుక్కున్నాను మరి."

"ఒంటి బూటుతో కారు నడుస్తుంది, లైల్."

ఎవరో నవ్వారు, దాంతో అందరూ లేచారు. తలుపు దగ్గర లైల్ ఆగాడు. "ఇర్మా, ఆ కన్ను కార్లనే కదా చూసేది. నేనొక పదిసార్లు లోపలికీ బయటికీ తిరిగితే? ఇవాళ పెద్దగా పనులేం లేవు."

"వద్దు. ఒక్కసారి రా, స్కీ చేసుకో, ఇంటికి పో. దొంగలెక్కతో తెరిచే గేటు నాకొద్దు."

మూడు వారాలు గేటు నిండింది. పన్నెండు చోట్లూ నిండి, మిగతా కార్లు రోడ్డు పక్కన వరస కట్టాయి. కాలిన్ రోజూ సాయంత్రం గుంజ దగ్గరికి వెళ్ళి అంకెలు చూసి, పరీక్ష పాసైన కుర్రాడిలా తిరిగొచ్చేవాడు. ఫిబ్రవరి ఇరవైకి లెక్క పదమూడు వందల పది అయింది. మిగిలిన ఎనిమిది రోజుల్లో రెండు వేలు కావని అతనికీ తెలుసు. ఉన్నట్టుండి పెరిగిన లెక్క చూసి పై ఆఫీసుకి అనుమానం వచ్చింది. థెరీసా హోల్మ్‌క్విస్ట్ అనే అధికారి చివరి శనివారం స్వయంగా వచ్చి చూస్తానని రాసింది.

ఆ సంగతి కాలిన్ పోస్టాఫీసులో ఒకరితో చెప్పాడు. అంతకు మించి అతని తప్పేమీ లేదు.

శనివారం సున్నాకి ఏడు డిగ్రీలు దిగువ, ఎండ, గాలి లేదు. గాడులు అంచులు కోసినట్టు పడ్డాయి. ఇర్మా పనిచేసిన ఇరవై ఆరు శీతాకాలాల్లో అంత మంచి పొద్దులు పదికి మించి వచ్చి ఉండవు. తొమ్మిదిన్నరకి థెరీసా కారు గేటు దాటి వచ్చి ఆగింది. పన్నెండు చోట్లలో అదొక్కటే కారు. రోడ్డు పక్కన కూడా ఏమీ లేదు.

థెరీసా దిగి, ఖాళీగా మెరుస్తున్న ఆ చోటుని ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసింది. యాభై దాటిన మనిషి, స్కీలు సొంతవే తెచ్చుకుంది. "రద్దీ పెరిగిందని రాశారు," అంది కాలిన్‌తో.

"నిన్నటిదాకా..." అని కాలిన్ ఆగిపోయాడు.

ఇర్మా చెవులు ఎర్రబడ్డాయి. చలివల్ల కాదు. ఏం జరిగిందో ఆమెకి ఆ క్షణంలోనే అర్థమైంది. కానీ చెబితే ఎవరు నమ్ముతారు? "రెండు మైళ్ళు నాతో రాగలరా?" అని మాత్రం అడిగింది.

ఇర్మా ముందు, థెరీసా వెనక, కాలిన్ అందరికన్నా వెనక పడుతూ లేస్తూ. దేవదారు గుంజ దాటగానే దారి మీద కర్రల గుర్తులు చిక్కబడ్డాయి. థెరీసా ఒకచోట ఆగి, వంగి చూసి, ఏమీ అనకుండా మళ్ళీ కదిలింది. పొయ్యి గది పొగ దూరం నుంచే కనిపించింది.

లోపల నలభై మూడు మంది ఉన్నారు. థెరీసా తలలు లెక్కపెట్టింది, ఒక్కొక్కరినీ వేలితో చూపిస్తూ, సిగ్గుపడకుండా. పళ్ళెంలో చాక్లెట్ బిళ్ళ ఒకటి అప్పటికే పావు వంతుకి వచ్చింది. లైల్ లేచి బల్ల ఖాళీ చేశాడు. మార్లిస్ ఫ్లాస్కు మూత తీసింది.

"మీరంతా ఎలా వచ్చారు?" అంది థెరీసా.

అందరూ పొయ్యి వైపు చూశారు. చివరికి మార్లిసే అంది. "మా కొట్టు వైపు నుంచి. మీరు రెండున్నర గంటలు బండి నడుపుకుంటూ వస్తున్నారని తెలిసింది. అంత దూరం వచ్చి చోటు దొరక్కపోతే బాగుండదు కదా."

"అక్కడ పన్నెండు చోట్లున్నాయి. నాది ఒక్క కారు."

"మీతో ఎంతమంది వస్తారో తెలీదు కదా," అన్నాడు లైల్.

థెరీసా అతన్ని చూసింది, ఇర్మాని చూసింది. ఇర్మా గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది.

"ఇది ఎన్నాళ్ళుగా?"

"పదహారేళ్ళు," అంది ఇర్మా కళ్ళు తెరవకుండా. "నా నోటి పుణ్యమే." మొత్తం కథ ఆమే చెప్పింది, ఎర్ర టోపీతో సహా. వింటున్నవాళ్ళలో సగం మందికి అసలు కారణం అప్పుడే తెలిసిందని వాళ్ళ ముఖాలు చూస్తే అర్థమైంది. మిగతావాళ్ళు పెడుతున్నారని వాళ్ళూ అక్కడే పెట్టారు. అంతే.

థెరీసా కాఫీ ఒక గుక్క తాగి, కప్పు మెల్లిగా కింద పెట్టేసింది. తర్వాత వాళ్ళొచ్చిన దారి చూపించమని అడిగింది. వాగు మీద హాకీ కర్రల కమ్మీ పట్టుకుని కాసేపు ఊపి చూసింది. గట్టిగానే ఉంది. "ఇది మా పటంలో లేదు," అంది.

"మా పటంలోనూ లేదు," అంది ఇర్మా.

మార్చిలో జవాబు వచ్చింది. లెక్క రెండు వేలు చేరలేదు, ఆ మాట మొదటి వరసలోనే ఉంది. కానీ గేటు దగ్గరి లెక్కని నమ్మడానికి లేదని తేలింది కాబట్టి, చిత్తడి దారిలో మనుషుల్ని లెక్కపెట్టే ఇంకో కన్ను బిగించి, వచ్చే శీతాకాలం రెండూ కలిపి చూస్తారు. అప్పటిదాకా తాళం లేదు, ఉద్యోగం ఎప్పటిలాగే. ఆ తర్వాత సంగతి ఎవరూ చెప్పలేదు.

ఉత్తరం చదివిన రోజు ఇర్మా సంతోషంగా ఉన్నట్టు నాకేమీ కనిపించలేదు. ఇంకో ప్రశ్న పట్టుకుని ఉంది. తను పాపం అంది సరే, ఆ మర్నాడు మొట్టమొదట కారు తీసుకెళ్ళి ఎరల కొట్టు ముందు పెట్టిందెవరు? తను వెళ్ళేసరికే అక్కడ కార్లున్నాయని లైల్ అంటాడు. ఒక పొద్దున కొట్టు తెరిచేసరికి నాలుగున్నాయి, ఎవరివో చూడలేదని మార్లిస్ అంటుంది. డ్వేన్‌ని గట్టిగా అడిగితే తను మూడోవాణ్ణని ఒప్పుకున్నాడు. మొదటి ఇద్దరెవరని అడిగితే, అది వాళ్ళ సొంత విషయం అనుకున్నానన్నాడు.

ఇప్పటికి ముప్పై రెండు మందిని అడిగింది. ఇంకా పదకొండు మంది మిగిలారు. మంచు కరిగి పడవల పని మొదలైంది కాబట్టి వాళ్ళ సంగతి శీతాకాలంలో, పొయ్యి గదిలో చూస్తానంటోంది.